వేరు మిగిలిన చోట వనము

కృష్ణకు దక్షిణమునను పెన్నకు ఉత్తరమునను సుమారు 150 కిలోమీటర్ల పొడవున వ్యాపించిన నల్లమల కొండలు పల్నాటి సీమకు పడమటి హద్దు. ఆ కొండలలో గుండ్ల బ్రహ్మేశ్వరము చెంత జన్మించిన గుండ్లకమ్మ, కంభము చెరువును నింపి, మార్కాపురపు మెట్టలను దాటి, వినుకొండ, నూజెండ్ల ప్రాంతములను తాకి, అద్దంకి మీదుగా సాగి సముద్రమున గలియుచున్నది. కావున నూజెండ్ల రైతు తన జీవితమున ఎన్నడును నల్లమలలో అడుగిడకపోయినను, అతని మిరపచేనికి నీరిచ్చు బావికిని ఆ కొండల మీది చెట్టుకును సంబంధము లేకపోలేదు. ఏటికి ఏడెనిమిది వందల మిల్లీమీటర్ల వాన మాత్రమే, అదియు నాలుగైదు మాసములలోనే కురిసి ముగియు సీమలో, కురిసిన నీటిని పట్టి నిలుపు నేల ఎంత, జారవిడుచు నేల ఎంత యను లెక్క మీదనే పంటయు పస్తును ఆధారపడి యుండును. ఆ నేలను కాచునది అడవి. ఆ అడవిని కాచు విధమెట్టిదో విచారించుట ఈ అధ్యాయమునకు విషయము.

అడవి ఆరోగ్యముగా నున్నదో లేదో నిర్ణయించుట పైకి తోచినంత సులభము కాదు. పల్నాటి అడవి శుష్క పర్ణపాతి వనము. చిరుమాను, నల్లమద్ది, తునికి, బిల్లుడు, ఏపి, యేగిస, సండ్ర, రేల, మోదుగ, ఉసిరి మొదలగు దీని వృక్షములలో పెక్కులు మాఘఫాల్గుణములలో ఆకు రాల్చి, మోడులై నిలిచి, వేసవిని గడపును. ఆకుల గుండా ఆవిరియై పోవు నీటిని పొదుపు చేయుటకు చెట్టు కనిపెట్టిన యుపాయమిది. చైత్రమాసమున దానిని చూచి చచ్చిన అడవి యనుకొన్నవాడు ఆషాఢమున మరల వచ్చినచో తన తొందరపాటునకు తానే నవ్వుకొనును. ఇందుకు విరుద్ధముగా, రోహిణికార్తె యెండలో సైతము కన్నులు చల్లబడునట్లు పచ్చగా నున్న బంజరు కనబడినచో, దగ్గరకు పోయి చూచువారికి అది యంతయు సర్కారు తుమ్మయే యని తెలియును. దాని క్రింద గడ్డిపోచ యుండదు, వేరొక జాతి మొలక యుండదు. పచ్చదనము ఒక్కటే ఆరోగ్యమునకు గురుతు కాదు. పెద్దచెట్టు క్రింద నడికారు చెట్టును, దాని క్రింద కుఱ్ఱచెట్టును, దాని నడుమ గడ్డిని చీల్చుకొని వచ్చు మొలకయును, ఈ నాలుగు తరములును పలుజాతులవిగా ఒక్కచోట కనబడినపుడే ఆ అడవికి భవిష్యత్తు కలదని చెప్పవచ్చును.

అడవిని శుభ్రపరుపవలెనను కోరిక కలిగిన వెంటనే మనుష్యుని చేయి ముందుగా పోవునది రాలిన ఆకుల మీదికి, విరిగిపడిన మ్రాకుల మీదికి. ఇది పొరపాటు. వాకిలి ఊడ్చినట్లు అడవి నూడ్చినవాడు దాని అన్నపుకుండను బోర్లించినవాడగును. రాలిన ఆకులు వానచినుకు దెబ్బను తాము తిని నేలను కాపాడును. కుళ్ళి, శిలీంధ్రములకును చెదలకును ఆహారమై, వేరు గ్రహించిన లవణములను మరల వేరునకే అందించును. పడిన మ్రానిలో చెదపురుగు చేరును. ఆ చెదపుట్టను త్రవ్వి తినుటకు ఎలుగుబంటి వచ్చును. అది తిన్న రేలకాయల, తునికిపండ్ల గింజలు వేరొక చోట దాని పేడలో మొలకెత్తును. నిలువున ఎండిన మోటి తొర్రలో వడ్రంగిపిట్టయు, పైడికంటియు, ఉడుమును కాపురముండును. 2000వ సంవత్సరము ఫిబ్రవరిలో మన సుప్రీం కోర్టు జాతీయోద్యానములనుండియు అభయారణ్యములనుండియు చచ్చిన చెట్లను, గాలికి కూలిన చెట్లను, గడ్డిని సైతము తొలగింపరాదని ఉత్తరువు చేసియున్నది. కావున అడవిని శుభ్రము చేయువాడు మొదట నేర్వవలసినది ఏది ముట్టకూడదో తెలిసికొనుట.

మరి తొలగింపవలసినది ఏది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు నేల క్రిందికి చూపు త్రిప్పవలెను. ఏలయన శుష్కవనము యొక్క బలమంతయు అక్కడనే యున్నది.

తునికి మొలక వానకాలమున రెండాకులతో తల యెత్తును. వేసవిలో ఆ కాండము ఎండిపోవును, లేదా నిప్పుకు కాలిపోవును, లేదా మేక కొరికివేయును. కాని వేరు చావదు. మరుసటి వానకు అది మరియొక పిలకను పంపును, అదియు నశించును. ఇట్లు ఏండ్ల తరబడి కొమ్మ చచ్చుచు వేరు లావెక్కుచు, తుదకు ఒకయేడు సంచితమైన బలముతో ఎగసిన పిలక, మేక నోటికిని గడ్డిమంటకును అందని యెత్తునకు పోయి, చెట్టగును. చిరుమాను, మోదుగ, బిల్లుడు, నల్లమద్ది మొదలగు జాతులును నరికినచో మొదటి నుండి గుంపుగా పిలకలు వేయును. బెరడు క్రింద నిద్రించుచున్న మొగ్గలు, పైనున్న కాండము పోవుటతోనే మేల్కొనుట దీనికి కారణము. కొండవాలున మోకాలెత్తు పొదలు మాత్రమే మిగిలియున్న చోట, మనము పొద యనుకొనునది నిజముగా పొద గాదు. గొడ్డలికిని మేకకును లొంగి యుండిన చెట్టు. దాని వేరు వయస్సు ఇరువది యేండ్లో ముప్పది యేండ్లో కావచ్చును. దాని కొమ్మ వయస్సు మాత్రము ఒక్క యేడు. అందుచేత పాడుబడిన పల్నాటి కొండ మీద అడవి పోయినదనుట కంటె, భూమిలోపల దాగి యున్నదనుట సత్యమునకు దగ్గర.

ఈ భూగర్భబలము మన చెట్లకు మాత్రమే చెందినదైనచో చిక్కే లేకపోవును. పరదేశము నుండి వచ్చి మన నేల నాక్రమించిన కంపలకును ఇదియే బలము. వానిలో సర్కారు తుమ్మ చరిత్ర తెలుగువారికి దగ్గరిది. 1876లో మద్రాసు రాజధానిలో అటవీ పరిరక్షకుడుగా నుండిన బెడ్డోమ్ దొర, వానలేని మెట్టసీమలలో వంటచెరకునకు పనికివచ్చునను తలంపుతో ఈ చెట్టు విత్తనములను తెప్పింపుమని ప్రభుత్వమునకు వ్రాసెను. జమైకా దీవి నుండి వచ్చిన గింజలను 1877లో కడప మండలమందలి కమలాపురమున నాటిరి. ఆ తలంపు కేవలము తప్పు కాదు. ఈ చెట్టు పొయ్యిలో చక్కగా మండును. దీని బొగ్గు మేలైనది. నేటికిని ఎందరో పేదలు దీనిని నరికి బొగ్గు కాల్చి బ్రదుకుచున్నారు. కాని దీని తియ్యని కాయలను పశువులు ఇష్టముతో తినును. గట్టిపెంకు గల గింజ వాని కడుపులో అరుగక పేడతో బయటపడి, పేడయే ఎరువుగా మొలకెత్తును. దీని ఆకును మాత్రము పశువు ముట్టదు. మేక మన చెట్ల చిగుళ్ళను తిని తుమ్మగింజలను విత్తుచు పోవుచుండగా, ఊరి బంజర్లు, చెరువు గర్భములు, వాగు గట్లు ఒకటొకటిగా దాని వశమైనవి. అమెరికాలో అరిజోనా రాష్ట్రమున ఒక గనిని త్రవ్వునపుడు ఈ ప్రజాతి వృక్షపు వేరు 50 మీటర్లకు పైగా లోతున కనబడినది. అంత లోతున నీరు తోడుకొనగల చెట్టును వాగు గట్టున కూర్చుండబెట్టి, ఊరి బావి ఏల యెండెనని అడుగుట వింత.

లంటానా కంప కథ వేరు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున కలకత్తా వృక్షోద్యానమునకు పూలకొరకు తేబడిన ఈ దక్షిణామెరికా మొక్క, పసుపుగా విచ్చి ఎరుపునకు తిరుగు తన పూగుత్తులతో తోటల వారిని మురిపించి, నల్లని పండ్లతో పిగిలిపిట్టలను మురిపించి, వాని రెక్కల మీద దేశమంతయు ప్రాకినది. నేడు భారతదేశపు అడవులలో ఇది లక్షన్నర చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రదేశమున వ్యాపించియున్నట్లు ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. దీని ఆకు పశువులకు విషము. తిన్నచో కామెర్లు వచ్చి, ఎండ సోకిన చోట చర్మము పగులును. దీని దట్టమైన నీడలో గడ్డి చచ్చును. గడ్డి చచ్చిన చోట జింక నిలువదు. జింక నిలువని చోట పులి నిలువదు. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 1983లో పులుల సంరక్షణ పథకమున చేర్చబడిన నాగార్జునసాగర్–శ్రీశైలము వనము మన దేశమందలి పులివనములలో మిక్కిలి విశాలమైనది. అట్టి వనమున పులి భవితవ్యము తుదకు గడ్డిపోచ మీద ఆధారపడి యున్నదనుట అతిశయోక్తి కాదు. ఇంతేకాక, నేలబారున ప్రాకిపోవు నిప్పు ఎండిన లంటానా మీదుగా నిచ్చెన దొరికినట్లు చెట్టు కొమ్మల కెక్కును.

ఈ కంపను తొలగించుటకు మనవారు నరికిరి, కాల్చిరి, పరదేశముల నుండి దీనిని తిను కీటకములను తెచ్చి విడిచిరి. నరికిన చోట పది పిలకలు లేచెను. కాల్చిన చోట నేల బట్టబయలై గింజలు మరింతగా మొలిచెను. కీటకములు తిన్న ఆకులు మరుసటి వానకు తిరిగి వచ్చెను. ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య సి.ఆర్. బాబు, ఆయన సహచరులు హిమాలయ పాదమందలి కార్బెట్ పులివనమున ఈ మొక్కను శ్రద్ధగా పరిశీలించి, దీని ప్రాణస్థానము ఎచ్చట నున్నదో కనుగొనిరి. కాండమును వేరును కలియు చోట, మట్టికి కొంచెము దిగువగా, ఒక కణుపు వంటి భాగము కలదు. పిలకలు వేయు మొగ్గలన్నియు అక్కడనే యున్నవి; దాని క్రిందనున్న వేరునకు పిలక వేయు శక్తి లేదు.

పని చేయు విధము చూడదగినది. పనివాడు ముండ్లకొమ్మల గుబురులోనికి చొరబడక, ఒక ప్రక్కగా నిలిచి, పొడవైన పిడిగల పలుగుతో మొదటి చెంత మట్టిని కొంచెము లాగివేయును. కాండము లావు తగ్గి వేరుగా మారుచోటు బయటపడగానే, దానికి దిగువగా రెండు మూడు వ్రేళ్ళ లోతున ఒక్కపెట్టున నరకును. పిమ్మట దుబ్బునంతను ఎత్తి తలక్రిందులుగా బోర్లించి, వేళ్ళు ఆకాశమునకు తిరిగి ఎండునట్లు అక్కడనే విడుచును. నేల త్రవ్వినది బెత్తెడు మాత్రమే గనుక మట్టి చెదరదు. మన మొలకలు నలుగవు. యంత్రము అక్కరలేదు, మందు అక్కరలేదు. సర్కారు తుమ్మకును సూత్రమిదియే. దానిని నేలమట్టమునకు నరికి చేతులు దులుపుకొన్నవాడు దానికి మేలే చేయుచున్నాడు; జానెడు లోతున, మొగ్గలున్న మెడ తెగునట్లు నరికినపుడే అది చచ్చును.

ఇపుడు అదే కొండవాలున రెండడుగుల దూరమున నున్న చిరుమాను మొదలును చూడుడు. దాని మీద ఎనిమిదో పదియో సన్నని పిలకలు ఒకదానినొకటి త్రోసికొనుచు, వెలుగుకొరకు పోరాడుచు, ఏదియు ఎదుగక యున్నవి. ఇచ్చట పలుగు పనికిరాదు. పదునైన కత్తి కావలెను. నిటారుగా, నేలకు మిక్కిలి చేరువగా పుట్టిన ఒకటి రెండు పిలకలను ఉంచి, తక్కినవానిని బెరడు చీలకుండ కోసివేయవలెను. మొరడుగా నరకబడి పుచ్చిన పాతమోడైనచో, వానకు పూర్వమే దానిని జానెడు యెత్తునకు మించకుండ, నీరు నిలువక జారునట్లు ఏటవాలుగా మరల నరికినచో, నేలను ఆనుకొని క్రొత్త పిలకలు వచ్చును; అవి తమ స్వంత వేళ్ళతో నిలద్రొక్కుకొనును. పదింటికి పంచబడిన పాతవేరు బలమంతయు ఒక్కదానికి చేరుట వలన, అది మూడు నాలుగేండ్లలో మనిషి యెత్తును మించి పెరుగును. అదే మొక్కను నారుమడి నుండి తెచ్చి నాటినచో, మొదటి వేసవిని దాటుటయే దానికి గండము.

పలుగైనను కత్తియైనను చేతిలోని ఇనుము ఒక్కటే. శత్రువును వేరు మెడకు క్రిందుగా నరుకవలెను, మిత్రుని నేలకు పైగా నరుకవలెను. అడవిని శుభ్రపరచు విద్య యంతయు ఈ బెత్తెడు తేడాను ఎరుగుటలో నున్నది. ఈ తేడా ఎరుగని కూలీల చేత కొలతబద్దపు లెక్కన పొదలన్నిటిని నరికించిన చోట, తునికియు బిల్లుడును కంపతో పాటు పోయి, కంప మాత్రము మరల వచ్చుట యాశ్చర్యము కాదు. ఈ విద్య గ్రంథములలో కంటె చెంచులలోను, మేకల కాపరులలోను, కట్టెలు కొట్టువారిలోను ఎక్కువగా నున్నది. ఆకులేని వేసవిలో బెరడును చూచి, వాసన చూచి, ఇది బిల్లుడు, ఇది సోమి, ఇది యేగిస యని చెప్పగలవారు వారే.

కంప తీసిన పిమ్మట బయటపడిన నేలను ఊరక వదలరాదు. ప్రకృతి ఖాళీని సహింపదు. మనము నింపనిచో వయ్యారిభామ నింపును. మొదటి వానకు ముందే బోదగడ్డి మొదలగు స్థానికపు గడ్డివిత్తనములను చల్లవలెను. వాలునకు అడ్డముగా సమోన్నత కందకములు త్రవ్వి, చిన్న వాగులకు రాళ్ళకట్టలు వేసినచో, పరుగెత్తు నీరు నడచును, నడచు నీరు నిలుచును, నిలిచిన నీరు ఇంకును. తరువాతి రెండు మూడేండ్లు పక్షులు వ్రాలు చెట్ల క్రిందను, నీరు పారు జాలుల వెంటను వెదకి, మొలచిన లంటానా పిల్లలను పచ్చిమట్టిలో ఉన్నపుడే చేతితో పెరికివేయవలెను. ఈ కావలి లేనిచో మొదట చేసిన పని యంతయు వ్యర్థము. అన్ని వృక్షములకును పిలకలు వేయు శక్తి సమముగా లేదు గనుక, వేరు మిగులని చోట మాత్రము విత్తనమును మొక్కను ఆశ్రయింపవలెను. బంకకొరకు లోతుగా గాట్లు పెట్టుటవలన క్షీణించిన తపసి చెట్టు అట్టివానిలో నొకటి.

నిప్పు సంగతి వేరుగా చెప్పవలెను. మన అడవులలో ఫిబ్రవరి మొదలు జూన్ వరకు నిప్పు కాలము. ఈ నిప్పులలో దాదాపు అన్నియు మనుష్యుల చేతి వలన పుట్టినవే: తునికాకు చిగుళ్ళు మెండుగా రావలెనని, క్రొత్తగడ్డి మొలవవలెనని, లేదా ఆర్పకుండ పారవేసిన చుట్టపీక వలన. పెద్దచెట్టు బెరడు ఈ మంటను ఓర్చుకొనును, వేరు ఓర్చుకొనును, కాని ఏటేట కాలుచున్నచో మొలకకు చెట్టగు అవకాశము ఎన్నటికిని రాదు. అందువలననే అటవీశాఖవారు వేసవికి పూర్వమే అగ్నిరేఖలను చెక్కి, అందలి ఎండుటాకును ఊడ్చి, జాగ్రత్తగా కాల్చి యుంచెదరు. అడవిలో ఆకు ఊడ్వదగిన స్థలమేదైన నున్నచో అది యీ రేఖ ఒక్కటియే. నేడు ఉపగ్రహము ఆకాశము నుండి మంటను గుర్తింపగా, భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఆ వార్తను సెల్‌ఫోనులకు అందించుచున్నది. ఆర్పవలసినది మాత్రము పచ్చికొమ్మ చేతబట్టిన మనుష్యుడే.

భూమిలో దాగిన అడవిని మేల్కొలుపుట ఎంత విస్తారముగా సాధ్యమో ఆఫ్రికా ఖండమందలి నైజర్ దేశము చూపినది. 1980వ దశకము ఆరంభమున ఆ దేశమందలి మరాడి ప్రాంతమున మొక్కలు నాటి నాటి విసిగిన టోనీ రినాడో అను ఆస్ట్రేలియా దేశస్థుడు, చేలలోని పొదలు నిజముగా నరకబడిన చెట్ల పిలకలే యని గ్రహించి, వానిలో కొన్నిటిని ఎంచి పెంచుకొనుడని రైతులకు బోధించెను. ఇరువది యేండ్లు దాటునప్పటికి సుమారు 50 లక్షల హెక్టార్ల భూమిలో చెట్లు తిరిగి లేచినవి. అచ్చటి వాన మన పల్నాటి వాన కంటెను తక్కువ. అచ్చట నారుమడులకు వ్యయము లేదు. రైతు చేతి కత్తియు, పెరిగిన చెట్టు తనదే యను ధైర్యమును మాత్రమే పెట్టుబడి.

ఆ ధైర్యము మాట వచ్చినపుడు పల్నాడు తన చరిత్రను తలచుకొనక తప్పదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో కొండలు ప్రభుత్వపు రక్షితారణ్యములై, తరతరాలుగా పశువులను మేపుకొనిన రైతు పుల్లరి చెల్లింపక అడవిలో అడుగిడుటకు వీలు లేకపోయెను. 1921లో పల్నాటి రైతులు పుల్లరి నిరాకరించి అటవీ సత్యాగ్రహము సాగించిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాటి కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకి గుండ్లకు బలియయ్యెను. అడవికిని ఊరికిని నడుమ నాడు ఏర్పడిన అగాధమును పూడ్చుటకు చాలకాలము పట్టెను. 1992లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉమ్మడి అటవీ యాజమాన్యమును ప్రవేశపెట్టి, ఊరూర వనసంరక్షణ సమితుల నేర్పరచినది. 2002లో ప్రపంచ బ్యాంకు సాయముతో సామాజిక అటవీ యాజమాన్య పథకము వచ్చినది. మోళ్ళు చెక్కుట, పిలకలు ఏరుట, కంప తీయుట, కందకములు త్రవ్వుట ఆ సమితుల పనులలో ముఖ్యములు. కూలి డబ్బులు వచ్చినన్నాళ్ళు అడవిని కాచి, పథకము ముగియగానే గొడ్డలి పట్టిన ఊళ్ళును కలవు. ఫలసాయములో తమ వాటా తమకు దక్కునను నమ్మకము కుదిరిన చోట, పథకము పోయినను అడవి నిలిచిన ఊళ్ళును కలవు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిని కాపాడుకొను హక్కును గ్రామసభకు ఇచ్చుట ఈ అనుభవమునకు అనుగుణమైనది.

1950లో కె.ఎం. మున్షీ ఆరంభించిన వనమహోత్సవము నేటికిని ఏటేట జరుగుచున్నది. ఊరూర గుంటలు త్రవ్వి మొక్కలు నాటుచునే యున్నారు. నాటుట మంచిదే. కాని నూజెండ్ల సీమలో ఈ గ్రంథము చదువు ఉపాధ్యాయులకును, యువకులకును, పంచాయతీ పెద్దలకును ఒక విన్నపము: ఈసారి గుంట త్రవ్వుటకు ముందు, ఊరి గుట్ట మీదికి ఒక కాపరిని వెంటబెట్టుకొని పొండు, ఏ మోటికి ప్రాణమున్నదో, ఏ దుబ్బు మనదో, ఏది పరాయిదో అతని వలన తెలిసికొని సున్నపు గురుతులు పెట్టుడు. రక్షితారణ్యమైనచో అటవీశాఖవారి అనుమతితో, బంజరైనచో గ్రామసభ తీర్మానముతో పని మొదలిడుడు. మొదట పరాయి కంపకు పలుగు, పిమ్మట మన మోటికి కత్తి, ఆపైన మూడేండ్ల కావలి, అప్పటికిని ఖాళీ మిగిలిన చోట నాటుమొక్క; ఈ వరుస తప్పినచో ధనము వ్యయమగును గాని వనము వృద్ధిపొందదు.